పరిగ్రహమా? పరిరక్షణమా?

వస్తువును మనుష్యుడు కాపాడుచున్నాడా, లేక వస్తువే మనుష్యుని కట్టివేయుచున్నదా అను ప్రశ్న మిక్కిలి పాతది. భూమిని గూర్చియు, బంగారమును గూర్చియు, ధాన్యమును గూర్చియు పెద్దలు దీనిని పలుమారులు విచారించిరి. మోటారు కారును గూర్చి విచారించినవారు అరుదు. అందులోను ఏబది, అరువది ఏండ్ల క్రిందట తయారై, నేడు అంగడిలో దొరకక, దినదినము పనికి ఉపయోగపడక, అయినను యజమాని చేతులలో బిడ్డవలె పెరుగుచున్న పాత కారును గూర్చి విచారించినవారు మరింత అరుదు. అట్టి కార్లను పోషించు అభిరుచి గలవారు అనేక దేశములందు కలరు. వారు శీతకాలమును ఎట్లు గడుపుదురో పరిశీలించినచో పై ప్రశ్నకు కొంత సమాధానము లభింపగలదు. ఏలయనగా, అవసరము చేయించు పనిలోకంటె ఇష్టము చేయించు పనిలోనే మనిషి మనస్సు స్పష్టముగా బయటపడును.

చలిదేశములలో శీతకాలము పాత కార్లకు విశ్రాంతికాలము. ఇంగ్లండులో రోడ్లమీద మంచు గడ్డకట్టకుండ ఉప్పు చల్లుదురు. ఆ ఉప్పునీరు కారు అడుగుభాగమున చేరి ఇనుమును తినివేయును. ప్రతి సంవత్సరము నవంబరు మొదటి ఆదివారమున లండను నుండి బ్రైటను వరకు ప్రాచీన వాహనముల యాత్ర ఒకటి జరుగును. 1896 నవంబరు 14న జరిగిన తొలి యాత్రకు అది స్మారకము. 1905కు ముందు తయారైన బండ్లకే అందు ప్రవేశము. ఆ యాత్ర నాటికి చలి ముదురును. అనేకులు తమ బండ్లను కొట్టములలో చేర్చి తలుపులు మూయుదురు. పెట్రోలు తొట్టిని నిండుగా నింపుదురు. ఖాళీ ఉన్నచో గాలిలోని తేమ నీరై లోపల చేరును. రేడియేటరులో నీరు గడ్డకట్టి ఇంజను పగులకుండ మందు కలుపుదురు. బ్యాటరీని విడదీసి, కొద్దికొద్దిగా విద్యుత్తు నెక్కించుచుందురు. ఇరుసుల క్రింద దిమ్మలు పెట్టి చక్రములను లేపుదురు; నెలల తరబడి కదలక నిలిచిన టైరు అడుగున చదునుపడును గదా! ఇక వసంతము వచ్చువరకు, చిన్న దీపము క్రింద, ఒక్కొక్క భాగమును విప్పి శుభ్రపరచి మరల బిగించుటయే వారి శీతకాలపు వ్యాపకము.

బెంగుళూరునకు తూర్పున ఉన్న వైట్‌ఫీల్డులో ఈ వరుస తలక్రిందులుగా ఉండును. ఆ ఊరి కథ కొంత చెప్పవలసి యున్నది. 1882లో మైసూరు మహారాజు చామరాజేంద్ర ఒడెయరు ఆంగ్లో-ఇండియనుల సంఘమునకు వ్యవసాయ నివాసముల నిమిత్తము సుమారు 3,900 ఎకరముల భూమి నిచ్చెను. ఆ సంఘస్థాపకుడైన డి. ఎస్. వైటు పేరనే ఊరు వెలసినది. వలయాకారముగా కట్టిన ఆ పాత నివాసస్థలము నేటికిని ‘ఇన్నర్ సర్కిలు’ అను పేర మిగిలి యున్నది. 1990 దశకమున సాంకేతిక వాణిజ్యకేంద్రము వచ్చిన పిదప తోటలు పోయి మేడలు లేచినవి. తెలుగు కుటుంబములు వేలకొలది అచట స్థిరపడినవి. 2023లో మెట్రో రైలు కూడ వచ్చినది. అయినను రోడ్లమీది రద్దీ తగ్గినదని ఎవరును అనరు.

అచట పాత కారునకు శత్రువు మంచు కాదు, వాన. జూను మొదలు నవంబరు వరకు ఏదో ఒక వర్షము కురియుచునే యుండును. సెప్టెంబరు, అక్టోబరులలో అది అధికము. ఆ నెలలలో అభిరుచిగలవారు బండిని బయటికి తీయరు. డిసెంబరు రాగానే గాలి పొడిబారును, రోడ్లు ఆరును, ఎండ తీక్ష్ణము కాదు, ఇంజను వేడెక్కి పొగలు చిమ్మదు. కాబట్టి ఇంగ్లండులో తలుపులు మూయు కాలమున వైట్‌ఫీల్డులో తలుపులు తెరతురు. ఆదివారము తెల్లవారుజామున, లారీలు, బస్సులు మేల్కొనకముందే, ఒక అంబాసిడరు, ఒక ఫియటు, ఒక మోరిసు మైనరు హోసకోట వైపు సాగిపోవుటను ఆ ఊరివారు చూడగలరు.

ఈ వర్తనమును చూచినవారికి చాతుర్మాస్యము జ్ఞాపకము రావచ్చును. జైన మునులు వర్షాకాలమున నాలుగు మాసములు ఒకేచోట నిలిచి, కార్తిక పూర్ణిమ దాటిన పిదప మరల విహారమునకు బయలుదేరుదురు. బండియు వానలలో నిలిచి, వానలు వెళ్లిన పిదప కదలును. కాని పోలిక అంతటితో సరి. వాననేలపై మొలచిన గడ్డిని, పుట్టిన సూక్ష్మజీవులను త్రొక్కకుండుటకై ముని నిలుచును. తన రేకు తుప్పుపట్టకుండుటకై కారు నిలుచును. ఒకటి పరుల ప్రాణము నిమిత్తము, మరొకటి తన ఆస్తి నిమిత్తము. బాహ్యమున ఒకే విధమైన నిలుకడలో ఇంత భేదమున్నదని గ్రహించుటయే ఈ విచారమునకు మొదటి మెట్టు.

ఇక ఒక గృహస్థుని ఊహింతము. చిత్తూరులో అతని తండ్రి వైద్యుడు. 1966లో మద్రాసు వెళ్లి అచట తయారైన స్టాండర్డు హెరాల్డు కారును కొని, రాణీపేట మీదుగా స్వయముగా నడుపుకొని వచ్చినవాడు. రాత్రివేళ పల్లెలలో రోగులను చూచుటకు ఆ కారే ఆధారము. కుమారుడు ఉద్యోగరీత్యా వైట్‌ఫీల్డు చేరినాడు. తండ్రి పోయినాడు. కారు కొడుకు వద్దకు వచ్చినది. అతనికి వాడుకకు వేరొక కొత్త కారు ఉన్నది. పాతది అపార్టుమెంటు సెల్లారులో ఒక స్థలము నాక్రమించి, గుడ్డ కప్పుకొని, సంవత్సరమున ఎనిమిది నెలలు నిదురించును.

డిసెంబరులో అతని పని మొదలగును. మొదట బ్రేకులు చూచును. బ్రేకు నూనె గాలిలోని తేమను పీల్చుకొను స్వభావము గలది; వానకాలము గడచిన పిదప చక్రముల వద్దనున్న సిలిండర్లు బిగిసిపోవును. వాటిని విప్పి, కడిగి, రబ్బరు వాషర్లు మార్చవలెను. పిమ్మట పెట్రోలు. 2023 నుండి నూటికి ఇరువది పాళ్లు ఇథనాలు కలిసిన పెట్రోలు దేశమున వ్యాపించినది. ఇథనాలు నీటిని ఆకర్షించును. పాతకాలపు రబ్బరు గొట్టములను, పంపులోని పొరను మెత్తబరచి చెరచును. కావున పాత పెట్రోలును తీసివేసి, గొట్టములను ఇథనాలునకు తట్టుకొను రకముతో మార్చి, కార్బురేటరును విప్పి జెట్లు ఊదవలెను. ఇంజనును ఐదు నిమిషములు నిలిచిన చోటనే త్రిప్పి ఆపుట మేలు కాదు. అట్లు చేసినచో లోపల పుట్టిన నీరు ఆవిరికాక నూనెలోను, సైలెన్సరులోను నిలిచిపోవును. బండిని పూర్తిగా వేడెక్కువరకు నడిపింపవలెను. రంగు వేయించుటకును ఇదియే తగిన కాలము. తేమగాలిలో పాతరకపు లక్క రంగు తెల్లబారును. అందుచేత టింకరింగు, పుట్టీ, స్ప్రే అన్నియు ఈ మూడు నెలలలోనే జరుగును. సామానుల కొరకు జె.సి. రోడ్డు అంగళ్లలో తిరుగవలెను. అచట దొరకనిచో శివాజీనగరు గుజరీలో వెదుకవలెను. ఆ వీధులలో కార్బురేటరు చప్పుడు విని రోగము చెప్పగల వృద్ధ మేస్త్రీలు ఇంకను కొందరున్నారు. వారి కొడుకులు కంప్యూటరుతో పరీక్షించు కొత్త కార్ల పనికి పోయినారు.

ఈ గృహస్థుని కార్యము మంచిదా, చెడ్డదా?

ఆక్షేపించువారు ఇట్లందురు: ‘‘అక్కరలేని వస్తువును ఉంచుకొనుట పరిగ్రహము. దానికై ధనము, కాలము, మనస్సు వ్యయపరచుట పరిగ్రహమును పోషించుట. దీనికి అభిరుచి అని పేరు పెట్టినంత మాత్రమున దోషము పోదు.’’ ఈ ఆక్షేపణ త్రోసివేయదగినది కాదు. సమర్థించువారు సాధారణముగ చెప్పు సమాధానములు కొన్ని బలహీనములు. పాత కారును నిలుపుకొనుటచే కొత్త కారు తయారీకి కావలసిన ఇనుము, విద్యుత్తు మిగులునందురు. కాని ఇంటిలో కొత్త కారు కూడ ఉన్నప్పుడు మిగిలిన దేమి? పొగ విషయమున సైతము పాత ఇంజను కిలోమీటరునకు కొత్తదానికంటె ఎక్కువ విషవాయువును విడుచును. ఏడాదికి కొద్ది దూరమే తిరుగుటచే మొత్తము తక్కువగును, అంతియే. సత్యమును దాచి చేసిన సమర్థన కంటె దోషమును ఒప్పుకొనుట మేలు.

అయితే పరిగ్రహ మనగా నేమి? తత్త్వార్థసూత్రమును రచించిన ఉమాస్వాతి ఆచార్యులు పరిగ్రహమును వస్తువుతో నిర్వచింపక, వస్తువునందలి మూర్ఛతో, అనగా మైమరపించు మమకారముతో, నిర్వచించిరి. శాస్త్రకారులు బాహ్యపరిగ్రహము పది విధములని, అంతరంగ పరిగ్రహము పదునాలుగు విధములని లెక్కించిరి. లోపలి లెక్కయే పెద్దదిగా నుండుట గమనింపదగినది. గృహస్థునకు సర్వత్యాగము విధింపబడలేదు, పరిమాణము విధింపబడినది. ఇంత భూమి, ఇంత ధనము, ఇన్ని వాహనములు అని తానే హద్దు గీసికొని, ఆ హద్దు దాటకుండుట అతని అణువ్రతము. ఒక్కసారి అనుభవించి ముగించు అన్నాదులు భోగము. మరల మరల అనుభవించు వస్త్రవాహనాదులు ఉపభోగము. ఈ రెంటికిని మితము చెప్పబడినది. కావున ప్రశ్న ‘‘కారు ఉన్నదా?’’ అని కాదు. ‘‘హద్దు ఉన్నదా? మూర్ఛ ఉన్నదా?’’ అని.

హద్దు విషయమున ప్రభుత్వము కొంత పని చేసి పెట్టినది. 2021 జూలైలో కేంద్రప్రభుత్వము చేసిన నియమముల ప్రకారము ఏబది ఏండ్లు దాటి, మూలరూపము చెడని వాహనమును ‘వింటేజి’గా నమోదు చేయవచ్చును. రుసుము 20,000 రూపాయలు, గడువు పది సంవత్సరములు. మరల పొడిగించుటకు 5,000 రూపాయలు. అట్లు నమోదైన బండిని ప్రదర్శనమునకు, పరిశోధనకు, పాత కార్ల యాత్రకు, పెట్రోలునకు, మరమ్మతునకు మాత్రమే రోడ్డెక్కింపవలెను. నిత్యవ్యవహారమునకు గాని, వ్యాపారమునకు గాని వాడరాదు. చట్టము ఉపభోగమును మితపరచినది. కాని మూర్ఛను మితపరచు చట్టము లేదు. దానిని యజమానియే పరీక్షించుకొనవలెను.

ఆ పరీక్షలలో మొదటిది అహింస. సెల్లారులో నిలిచిన బండిలోనికి ఎలుకలు, పందికొక్కులు చేరి వైర్లు కొరుకును. అనేకులు విషమో, జిగురు అట్టయో పెట్టుదురు. కారుపై ప్రేమ ఇంకొక ప్రాణిని చంపించినదనగా ఆ ప్రేమ ఏ జాతిదో తెలియుచున్నది. విషము లేకుండ చేయదగిన పని చాలా ఉన్నది: బండిలో తినుబండారపు తునక మిగుల్చకుండుట, సైలెన్సరు నోటికిని గాలిగొట్టమునకును జాలీ బిగించుట, బానెట్టు ఎత్తి చిన్న దీపము వెలిగించి యుంచుట, అన్నిటికంటె ముఖ్యముగా దినమునకు ఒకమారు పోయి చూచుట. దీనికి శ్రమ ఎక్కువ. విషమునకు శ్రమ తక్కువ. శీతకాలమున తొలిసారి ఇంజను త్రిప్పుటకు ముందు కందిరీగ మట్టిగూడు కట్టినదా, ఎలుక పిల్లలు పెట్టినదా అని చూచి, ఉన్నచో తొందరపడక వాటిని మెల్లగా తప్పించుట మరొక పని. మునులు వస్త్రపాత్రలను వాడుటకు ముందు జీవు లున్నవేమోయని పరిశీలించు ప్రతిలేఖనమునకు ఇది గృహస్థుని స్థాయిలో ఒక చిన్న నీడ. సీట్ల విషయము కూడ ఇట్టిదే. పాత ఇంగ్లీషు కార్లకు తోలుసీట్లు ఉండెడివి. పోటీలలో మూలరూపమునకు మార్కులు ఎక్కువ. తోలును విడిచి రెక్సినో, బట్టయో వేయించినవానికి మార్కులు తగ్గును. ఆ తగ్గిన మార్కులను నవ్వుచు స్వీకరింపగలవాడు కారునకు లొంగలేదని చెప్పవచ్చును.

రెండవ పరీక్ష పంచుకొనుట. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదమున 1912 నాటి పసుపువన్నె రోల్సురాయిసు కారు ఒకటి ఉన్నది. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాను దాని కొరకు ఆజ్ఞ ఇచ్చి, అది రాకముందే 1911లో మరణించెను. తరువాత అది ఉత్సవములకే పరిమితమై, దశాబ్దముల కాలమున కొన్ని వందల మైళ్లు మాత్రమే తిరిగినది. కోరినవాడు ఎక్కలేదు, ఎక్కగలవాడు అరుదుగా ఎక్కెను. నేడు ప్రాసాదమునకు వచ్చు సామాన్యుడు దానిని చూడగలుగుట ఆ బండికి ఆలస్యముగ వచ్చిన సార్థకత. దీనికి ప్రక్కన మరొక దృష్టాంతము నిలుపవచ్చును. ధర్మస్థల ధర్మాధికారి శ్రీ డి. వీరేంద్ర హెగ్గడేగారు జైనకుటుంబమునకు చెందినవారు. 1968లో ఆ పీఠము నలంకరించిరి. వారు సేకరించిన పాత కార్లు ధర్మస్థలలోను, శ్రీరంగపట్నము చెంత ‘పయణ’ అను మ్యూజియములోను ప్రజల దర్శనార్థము ఉంచబడినవి. సేకరించుటకు ఎంత కోరిక కావలెనో, సేకరించినదానిని నలుగురి ఎదుట పెట్టుటకు అంత నిగ్రహము కావలెను. వైట్‌ఫీల్డు గృహస్థునకు మ్యూజియము లేదు. అతనికి సెల్లారే మ్యూజియము. ఆదివారము బానెట్టు ఎత్తినప్పుడు చుట్టుచేరిన పిల్లలను ‘‘ముట్టకండి’’ అని కసరుచున్నాడా, లేక ‘‘రా నాయనా, ఈ స్పానరు పట్టుకో, ఇది ప్లగ్గు, ఇక్కడే నిప్పురవ్వ పుడుతుంది’’ అని నేర్పుచున్నాడా? శివాజీనగరు వృద్ధ మేస్త్రీతో పోవుచున్న విద్యను ఒక్క బాలుని చేతిలోనైన పెట్టగలిగినచో ఆ కారు ఆక్రమించిన స్థలమునకు అద్దె చెల్లినట్లే.

మూడవది కఠినమైన పరీక్ష, ఇంటివారికి సంబంధించినది. ఒక జనవరిలో కొనువాడు వచ్చి మంచి ధర చెప్పినాడనుకొందము. ఆ ఏడే కుమార్తెకు దూరదేశమున చదువు దొరికినది. భార్య నెమ్మదిగా, ‘‘ఏమండీ, మామయ్యగారి కారని నాకూ గౌరవమే. కాని అమ్మాయి ఫీజుకి బ్యాంకు దగ్గర చేయి చాచటం కన్నా ఇది అమ్మితే తప్పా?’’ అని అడిగినది. అతడు మాటాడలేదు. ఆ రాత్రి సెల్లారునకు పోయి స్టీరింగు ముందు కూర్చున్నాడు. తండ్రి అరచేతులు అరగదీసిన చోట ఆ చక్రము నునుపై యున్నది.

అతడు దేనిని విడువలేకున్నాడు? రేకునా, తండ్రినా? తండ్రి అయినచో, ఆయన ఆ కారును ఎందుకు కొనెనో తలచుకొనవలెను. అలంకారమునకు కాదు, అర్ధరాత్రి ఎవరో పిలిచినప్పుడు పోవుటకు. అక్కరలో ఉన్నవారిని చేరుటకే ఆ చక్రములు తిరిగినవి. నేడు అక్కర కుమార్తెది. కారును నిలిపి బిడ్డ చదువును కుంటుపరచినచో తండ్రి వస్తువు మిగులును గాని తండ్రి ధర్మము మిగులదు. మనిషికి చేయవలసినది ముందు, వస్తువునకు చేయవలసినది తరువాత. ఇందులో సందేహమునకు చోటులేదు. బాధకు మాత్రము చోటున్నది. విడుచుట ధర్మమైనప్పుడును నొప్పి కలుగవచ్చును. ఆ నొప్పిని చూచి సిగ్గుపడనక్కరలేదు. వేరొక మార్గమున ఫీజు సమకూరి, ఇంటివారు మనస్ఫూర్తిగా అంగీకరించినచో, ఉంచుకొనుటలోను దోషము లేదు. దోషము ఉంచుకొనుటలో గాని అమ్ముటలో గాని లేదు. ఇంటివారిచే అడిగించుకొనకుండ, అడిగినను వినకుండ ఉండుటలో ఉన్నది.

నాలుగవ పరీక్షను ప్రకృతియే పెట్టును. 2022 సెప్టెంబరు మొదటి వారమున కురిసిన వానకు తూర్పు బెంగుళూరు చెరువులు పొంగినవి. బెళ్లందూరు, వర్తూరు, యెమలూరు ప్రాంతములు నీట మునిగినవి. జనులను ట్రాక్టర్లమీదను, పడవలమీదను తరలించిరి. సెల్లార్లలో నీరు నిండి కొత్తవి, పాతవి, వెలగలవి, వెలలేనివి అన్నియు ఒకే బురదలో మునిగినవి. చెరువునకు నీరు పోవు కాలువలను పూడ్చి కట్టిన మేడలలో బండ్లు భద్రముగ నుండునని తలచుటయే ఒక మూర్ఛ. ఒక రాత్రిలో పోవు వస్తువును ఏబది ఏండ్లు కాచితిమని గర్వించుటకు ఏమున్నది? అయినను, పోవునని తెలిసియు ఈ దినము చేయవలసిన సేవను శ్రద్ధగా చేయుట వేరు. రోగి ఎన్నడో ఒకనాడు మరణించునని ఎరిగియు వైద్యుడు మందిచ్చుచునే యున్నాడు గదా!

కావున తీర్పు ఇట్లు చెప్పవచ్చును. పాత వస్తువును శ్రద్ధతో కాపాడుట గుణమే. విరిగినదానిని పారవేసి కొత్తది తెచ్చుకొను ఈ కాలమున, విప్పి, కడిగి, బాగుచేసి నిలుపుట ఓర్పును, కృతజ్ఞతను నేర్పు సాధన. కాని ఆ గుణము హద్దు లేనిచో క్షణములో దోషముగ మారును. ఒకటి చాలునని సంఖ్యను ముందే నిర్ణయించుకొనవలెను; రెండవది చౌకగ దొరికినను చూపు మరల్చుకొనవలెను. దానికై ఏడాదికి ఇంత వ్యయమని గీత గీయవలెను. ప్రాణిహింసతో దానిని రక్షింపరాదు. పొరుగువాని స్థలమును, చెవులను, ఊపిరిని గౌరవింపవలెను. తెలిసిన పనిని మరొకరికి నేర్పవలెను. తన తరువాత అది ఎవరి చేతికి పోవలెనో, తాను ఆరోగ్యముగ నున్నప్పుడే వ్రాసి పెట్టవలెను. వీనిని పాటింపగలవాడు కారును కలిగియున్నవాడు. పాటింపలేనివాడు కారు కలిగియున్నవాడు.

ఫిబ్రవరి చివర ఎండలు ముదురునప్పటికి వైట్‌ఫీల్డులో ఆ ఋతువు ముగియును. చివరి ఆదివారమున ఆ గృహస్థు పాత మద్రాసు రోడ్డు పట్టి, కోలారు, ముళబాగిలు దాటి, పలమనేరు వరకు పోయి తిరిగి వచ్చుననుకొందము. తండ్రి కారును తెచ్చిన త్రోవకు అది కొనసాగింపు. ప్రక్కన కుమార్తె కూర్చున్నది. కొంత దూరము ఆమెయే నడిపినది. వచ్చు డిసెంబరునాటికి ఆమె దూరదేశమున ఉండవచ్చును, కారు వేరొకరి ఇంట ఉండవచ్చును. తాళము త్రిప్పి, గుడ్డ కప్పునప్పుడు అతని చేయి వణకక, తలుపు మూసి ఇంటిలోనికి నిశ్చింతగ పోగలిగినచో, అతని శీతకాలము వ్యర్థము కాలేదు. అతడు బాగుచేసినది కారును మాత్రమే కాదని ఇంటివారు ఎరుగుదురు.